బీరపాదు దగ్గర సీసాదీపం

మొన్న ఆదివారం పొద్దున ఒక సోలార్ తోటదీపాన్ని సుత్తితో పగలగొట్టాను. ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని అరగంట తిప్పి చూశాను. విప్పడానికి దానికి ఒక్క మర లేదు. మూతకీ ఒంటికీ మధ్య జిగురు పోసి అతికేశారు. ఎండాకాలం మొదట్లో ప్రహరీ వెంట గుచ్చుకోడానికి ఇలాంటివి ఆరు తెచ్చాను, ఒక్కోటి నూటపాతిక రూపాయలు. నాలుగు వానలు పడేసరికి ఆరుకు ఆరూ కొండెక్కాయి. అమ్మినతన్ని అడిగితే, “అవి బాగుచేసేవి కావండీ, మార్చుకునేవి” అన్నాడు.

ఈ శీర్షిక క్రమం తప్పకుండా చదివేవాళ్లకు ఆ మాట నాకెక్కడ తగిలి ఉంటుందో తెలుసు. మిక్సీ గురించి రాసినా, గొడుగు గురించి రాసినా చివరికి నేను వచ్చి చేరేది అక్కడికే. విప్పలేని వస్తువు మనం డబ్బు పోసి కొన్నా మనది కాదు. దాని ఆయుష్షు దాన్ని చేసినవాడి చేతిలో ఉంటుంది. ఆ కోపంతోనే సుత్తి తీశాను.

పగిలిన డొప్పలోంచి బయటపడినవి నాలుగే వస్తువులు. అరచేతిలో సగం కూడా లేని సోలార్ పలక ఒకటి. పెన్సిల్ సెల్లంత నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఒకటి. గింజంత ఎల్‌ఈడీ. చిన్న బోర్డు మీద నాలుగు కాళ్ల నల్ల చిప్పు, దాని పక్కనే లేతాకుపచ్చ తీగచుట్ట. బ్యాటరీ చివర తెల్లగా పొక్కింది, అది కూర్చునే రేకు తుప్పుపట్టి విరిగిపోయింది. పలక బాగానే ఉంది. చిప్పూ బాగానే ఉంది. ఆరింటినీ పగలగొట్టి చూస్తే ఐదింట్లో ఇదే సంగతి. తుప్పుపట్టిన ఒక రేకు ముక్క కోసం, పాడైన ఒక బ్యాటరీ కోసం దీపాలకు దీపాలే చెత్తబండి ఎక్కాలట!

మా అక్క మనవరాలు సెలవులకు మా గరికపాడు వచ్చి ఉంది, ఎనిమిదో తరగతి. పక్కన కూర్చుని అన్నీ చూస్తూ, “చీకటి పడిందని దీనికెట్లా తెలుస్తుంది తాతయ్యా?” అంది. మంచి ప్రశ్న. అందులో కన్ను లాంటిది వేరే ఏదీ లేదు. పలకే కన్ను. ఎండ ఉన్నంతసేపూ పలకలోంచి కరెంటు వచ్చి బ్యాటరీని నింపుతుంది. పలకలోంచి వచ్చే వోల్టేజీ పడిపోతే, పొద్దు పోయిందని చిప్పు గ్రహించి దీపం వెలిగిస్తుంది. మంచి బ్యాటరీ తగిలించి, పలక మీద నా అరచెయ్యి మూసి చూపించాను. బల్ల మీద మిట్టమధ్యాహ్నం దీపం వెలిగింది. పాప మళ్లీ మళ్లీ చెయ్యి పెట్టి తీసింది.

ఆ తీగచుట్ట చేసే పని ఇంకా ముచ్చటైనది. బ్యాటరీ ఇచ్చేది 1.2 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే 3 వోల్టుల దాకా కావాలి. పల్లంలో నీళ్లను ఏతం గట్టుకెత్తినట్టు ఈ తేడాను తీగచుట్ట ఎత్తిపోస్తుంది. చిప్పు సెకనుకు వేల, లక్షల సార్లు చుట్టలోకి కరెంటు వదిలి టక్కున ఆపుతుంది. ఆపిన ప్రతిసారీ చుట్టలో నిలవున్న శక్తి ఎత్తు వోల్టేజీతో ఎల్‌ఈడీలోకి దూకుతుంది. ఇంత తెలివి ఉన్న వస్తువును వాడి పారేసే సరుకు అనడానికి నోరెలా వస్తుంది?

అటక మీద మా అమ్మ దాచిన గాజు సీసాలు ఇంకా ఉన్నాయి. హార్లిక్స్ సీసాలవి. మన ఇళ్లలో హార్లిక్స్ ఎందరు తాగారో గానీ దాని సీసా లేని వంటిల్లు ఉండేది కాదు. మినప్పప్పు, మెంతులు, ఎండుమిరపగింజలు అన్నీ అందులోనే. ఇప్పుడు అదీ ప్లాస్టిక్ డబ్బా అయిపోయింది. నాలుగు సీసాలు దించి, కడిగి, ఎండబెట్టాం. లోపలివైపు గరుకు కాగితంతో రుద్దితే గాజు పాలరంగుకు తిరిగింది. అప్పుడు ఎల్‌ఈడీ ఒక్క చుక్కలా కళ్లలో పొడవకుండా సీసా అంతా వెలుగు పరుచుకుంటుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సీసాదీపాలు చేసేవాళ్లు చాలామంది పలకను మూత మీదే అతికించి, బ్యాటరీని మూత కింద పెడతారు. చల్లటి దేశాల్లో అది చెల్లుతుంది. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఎండలో చెల్లదు. మే నెలలో మూతపెట్టిన గాజు సీసాను ఎండలో ఉంచితే లోపల బ్యాటరీ ఉడుకుతుంది. ఈ రకం బ్యాటరీకి వేడే మొదటి శత్రువు. నా ఆరు దీపాల ప్రాణాన్ని సగం తీసింది ఎండ, మిగతా సగం తీసింది వాన. అందుకని మేం పలకను విడదీశాం. అది ప్రహరీ మీద దక్షిణానికి తిరిగి ఉంటుంది. మన అక్షాంశం ఇంచుమించు 17 డిగ్రీలు కాబట్టి వాలు కూడా అంతే పెట్టాం, వానకు దుమ్ము కడుక్కుపోవడానికీ ఆ వాలు పనికొస్తుంది. అక్కడినుంచి రెండు పోగుల తీగ నీడలో ఉన్న సీసాకు వస్తుంది. మూతకు చిల్లు, చిల్లుకు సిలికాన్ పూత. సీసా అడుగున, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం. బ్యాటరీ మాత్రం వేలితో తీసి వేలితో పెట్టేలా ఉంచాం. అందులో మామూలు రిమోట్ సెల్లు వేసి ఎండబెట్టకూడదు, అది చార్జి అయ్యే రకం కాదు, కారిపోతుంది.

లెక్క పాప చేతే వేయించాను. పలక మంచి ఎండలో 80 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. ఐదు గంటల గట్టి ఎండకు 400. దీపం బ్యాటరీలోంచి తీసుకునేది 50 దాకా. అంటే ఎనిమిది గంటలు. ఏడింటికి వెలిగితే తెల్లవారుజామున మూడు. తను కాగితం మీద వేసిన లెక్క ఆ రాత్రి నిజమవుతుందో లేదో చూడాలని అలారం పెట్టుకుని లేచింది. రెండున్నర దాటాక సన్నగిల్లిందట.

మూతకు మేకుతో చిల్లు పొడుస్తుంటే నా చేతికి పాత పని గుర్తొచ్చింది. ఇదే పని నేను పదేళ్లప్పుడు చేశాను. సిరా బుడ్డో మందు సీసానో తీసుకుని, మూతకు మేకుతో చిల్లు వేసి, పాత సైకిల్ ట్యూబు వాల్వు గొట్టం అందులో దిగ్గొట్టి, చిరిగిన పంచె పీలికను వత్తి చేసి గొట్టంలోంచి లాగితే బుడ్డిదీపం తయారు. చౌకడిపోలో పోసే నీలం రంగు కిరసనాయిలు అందులో. రూపాయి ఖర్చు లేదు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఎవరి బుడ్డి వాళ్లు చేసుకున్నదే. కాబట్టి గాజు సీసాతో ఇంట్లో దీపం చేసుకోవడం మనకెవరో కొత్తగా నేర్పిన విద్య కాదు. లోపలి నూనె పోయి ఎండ వచ్చింది, అంతే.

కానీ ఆ బుడ్డిని తలుచుకుని మురిసిపోలేను. మాది పత్తి పండే నేల. పత్తి తీతలప్పుడు నడవా అంతా దూది గుట్ట. ఆ గదిలోకి బుడ్డి పట్టుకెళ్లడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. గడప అవతల దీపం పెట్టి, చీకట్లో తడుముకుంటూ వెళ్లి కావలసింది తెచ్చుకోవాలి. సీసా నిలువుగా, సన్నగా ఉంటుంది, పిల్లి తోక తగిలినా పడిపోతుంది. పడితే మూత ఊడి కిరసనాయిలు ఒలుకుతుంది, నిప్పు దాని వెంటే పోతుంది. మా పెద్దమ్మ కుడిచేతి మీద మోచేతి దాకా ముడుచుకుపోయిన చర్మం అలా వచ్చిందే. ఆవిడ పిలిస్తే నేను ఎప్పుడూ ఎడమవైపు వెళ్లి కూర్చునేవాణ్ని.

చాలా ఏళ్ల తర్వాత శ్రీలంక డాక్టరు విజయ గొడకుంబుర గురించి చదివినప్పుడు పెద్దమ్మే గుర్తొచ్చింది. ఆయన సర్జన్. ఆస్పత్రికి వచ్చే కాలిన రోగుల్లో ఎందరో ఇలాంటి సీసాదీపాల బాధితులని గమనించాడు. కొత్త ఇంధనమేదీ తేలేదాయన, సీసా ఆకారం మార్చాడు. రొట్టెకు రాసుకునే మార్మైట్ వచ్చే సీసాను చూసి, పొట్టిగా, బరువుగా, దొర్లిపోకుండా రెండు పక్కలు చదునుగా, మర మూత ఉండే దీపం రూపొందించాడు. 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. నా దృష్టిలో అంతకంటే గొప్ప బహుమతి, ఆ దీపం వల్ల కాలకుండా మిగిలిన ఆడవాళ్ల చేతులు.

అందుకే ఎల్‌ఈడీ అంటే నాకు గౌరవం. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నిజానికి నీలం వెలుగు. దాని మీద పసుపు పొడి పూత పూస్తే తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలం వెలుగు సాధించిన అకసాకి, అమానో, నకమురలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. పడినా అంటుకోని దీపం, పత్తి గదిలోకి నిర్భయంగా తీసుకెళ్లగలిగే దీపం మా అమ్మకు ఆ రోజుల్లో దొరికి ఉంటే ఎంత బాగుండేది! 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి మా ఊరి దగ్గర హైదరాబాద్–విజయవాడ రోడ్డు తెగినప్పుడు మాకు దిక్కయింది కూడా ఇలాంటి చిన్న దీపమే. ముసురుకు పలక పనిచేయలేదు, ముందే నింపి పెట్టుకున్న రెండు బ్యాటరీలు ఆదుకున్నాయి.

ఇంతవరకూ రాసింది మంగళవారం. మీరూ నాలుగు సీసాలు చేసుకోండి, తోటంతా వేలాడదీయండి అని ముగించాల్సింది. బుధవారం సాయంత్రం బీరపాదు కింద కూర్చున్నాను.

బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. సొరపువ్వు కూడా అంతే, పొద్దు వాలాక తెల్లగా తెరుచుకుంటుంది. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరిపోతాయి. సొరకు ముఖ్యంగా రాత్రి తిరిగే రెక్కల పురుగులే ఆధారం. పందిరికి మేం వేలాడదీసిన సీసా చుట్టూ అవి గిర్రున తిరుగుతున్నాయి. పక్కనే జానెడు దూరంలో పువ్వు తెరుచుకుని ఉంది. దాని మీద ఒక్కటీ వాలలేదు. గంటసేపు చూశాను.

దీపపు ఎర సంగతి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న ఊళ్లో పుట్టిన నాకు తెలియనిది కాదు. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగుల్ని రాత్రిళ్లు దీపానికి రప్పించి చంపడం శాస్త్రవేత్తలు చెప్పేదే, రైతులు చేసేదే. చేలో దీపం పెట్టేది రెక్కల పురుగును పైరు మీదినుంచి లాగడానికి. పెరట్లో అదే దీపాన్ని పువ్వు పక్కన పెట్టి, అందంగా ఉందని కూర్చుని చూస్తున్నాను. స్విట్జర్లాండ్‌లో పచ్చికబయళ్ల మీద ఎల్‌ఈడీ వీధిదీపాలు పెట్టి పరిశీలించిన ఫలితాలు 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. వెలుగులో ఉన్న పూల మీద రాత్రి పురుగుల రాక 62 శాతం తగ్గింది, కాపు 13 శాతం పడిపోయింది. వీధిదీపం ఎక్కడ, నా సీసా ఎక్కడ అంటే నిజమే. కానీ నా సీసా పువ్వుకు జానెడు దూరంలోనే ఉంది.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. మిరప కల్లం కాపలాకు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. లాంతరు వత్తి బాగా తగ్గించి, దాన్ని బుట్ట చాటున పెట్టేవాడు. నాకు భయం. పెంచు నాన్నా అని ఏడిచేవాణ్ని. “మనం వచ్చింది దీపాన్ని చూసుకోడానికి కాదురా, కల్లాన్ని చూసుకోడానికి” అనేవాడు. దీపం పెంచితే నాలుగడుగులు కనిపిస్తాయి, ఐదో అడుగునుంచి గోడ కట్టినట్టు చీకటి. దీపం చాటు చేస్తే కాసేపటికి కల్లమంతా, ఆరబోసిన కాయలు, గట్టు మీద నడిచొచ్చే మనిషి అన్నీ తెలిసేవి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఇంటి చుట్టూ దీపాలు గుచ్చుకున్న మనం కంటికి ఆ వ్యవధే ఇవ్వడం లేదు. మిణుగురుల సంగతీ అంతే. అవి జతను పిలుచుకునే భాష వెలుగే. మన వెలుగులో ఆ పిలుపు వినబడదు.

తోటకు దీపం అక్కర్లేదు. దీపం మనిషికి కావాలి, అదీ కాలు పెట్టేచోట. సీసాదీపం చేయడం ఎంత మంచి పనో, దాన్ని తోటలో వేలాడదీయడం అంత తప్పని ఈ వారం నాకు తేలింది.

గురువారం పందిరికున్న సీసా దించేశాను. పాపకు ముందు కోపం వచ్చింది, తర్వాత తనూ వచ్చి పాదు కింద కూర్చుంది. ఒక సీసా పెరటి మెట్టు దగ్గర మోకాలి కంటే కిందికి పెట్టాం, వానాకాలం కట్లపాములు తిరిగే చోటది. అందులో తెల్ల ఎల్‌ఈడీ తీసి పసుపుది వేశాం, దానికి పురుగులు తక్కువగా వస్తాయి. ఇంకోటి కరెంటు పోయినప్పటి కోసం ఇంట్లో ఉంది. మిగతా రెండూ పాప తన ఊరు తీసుకెళ్తోంది.

మీరూ చేయండి. పాడైన తోటదీపం చెత్తబండికి వేయకండి, విప్పండి, విప్పుకోకపోతే పగలగొట్టండి, లోపలిది చాలావరకు బాగానే ఉంటుంది. సీసాను గుమ్మం వైపు పెట్టండి, పాదుకు దూరంగా. తీగ మధ్యలో చిన్న స్విచ్చి ఒకటి వేయండి, పది రూపాయలవుతుంది. పడుకునే ముందు దీపాన్ని కొండెక్కించండి.