యూనీయ పేరు, రోమా శాసనాల సాక్ష్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

రోమా పత్రిక 16:7లో అపొస్తలుడైన పౌలు అంద్రొనీకును, యూనీయను తన బంధువులుగా, తోడి ఖైదీలుగా పేర్కొని వందనములు పంపుతున్నాడు. ఈ యూనీయ స్త్రీయా, పురుషుడా? తెలుగు బైబిలు మాత్రమే చదివేవారికి ఈ ప్రశ్న తట్టకపోవచ్చు. అననీయ పురుషుడు, లూదియ స్త్రీ. యూనీయ అనే రూపాన్ని ఎటు చేర్చినా చెల్లుతుంది. వెంట వచ్చే 'వీరు' అనే మాటలోనూ లింగభేదం లేదు. మన అనువాదకులు ఏ పక్షమూ వహించలేదు గాని, నిర్ణయం బోధకుని అలవాటుకు వదిలినట్టయింది. స్త్రీల అభిషేకం విషయంలో మన సంఘాలన్నీ ఒకే మాట మీద లేవు గనుక ఇది చిన్న విషయం కాదు.

గ్రీకు మూలంలో స్వరచిహ్నం 'ని' అక్షరంపై ఉంటే ఆ పేరు స్త్రీది, చివరి అక్షరంపై ఉంటే పురుషునిది. తొలి వ్రాతప్రతులలో సాధారణంగా స్వరచిహ్నాలు లేవు. అవి వేసిన తరువాతి ప్రతులు స్త్రీ రూపాన్నే చూపిస్తాయి. అయినప్పటికీ 1927 నాటి నెస్లే ముద్రణ పురుష రూపాన్ని మూలపాఠంలో పెట్టింది. 1998 పునర్ముద్రణలో గాని అది మారలేదు. ఎల్డన్ జే ఎప్ 2005లో ప్రచురించిన గ్రంథం ఈ కథను సమర్థంగా చెబుతుంది. సంపాదకుల పక్షపాతాన్ని ఎత్తిచూపడంలో ఆయనకు ఉన్న ఉత్సాహం సబబే. కాని పక్షపాతాన్ని బయటపెట్టినంత మాత్రాన ఎదుటి పాఠం సరైనదని రుజువు కాదు. అసలు బరువు మోసినది పేర్ల లెక్క.

ఆ లెక్క జర్మన్ పండితుడు పీటర్ లాంపెది. రోమా నగరపు క్రైస్తవులపై 1987లో జర్మన్‌లోను, 2003లో ఇంగ్లీషులోను వెలువడిన గ్రంథంలో ఆయన చూపినది ఇది: రోమాలో యూనియ అనే స్త్రీ పేరుకు 250కి పైగా ఉదాహరణలు ఉన్నాయి, యూనియాస్ అనే పురుష నామానికి ఒక్కటీ లేదు. ఒక వ్యక్తి జీవితకాలంలో కూర్చగలిగిన సాక్ష్యం కాదిది. బెర్లిన్‌లో 1853లో మొమ్‌సెన్ నాయకత్వాన మొదలైన లాటిన్ శాసన సంపుటాలలో ఆరవది రోమా నగరానిది. అందులో సుమారు 40 వేల శాసనాలు ఉన్నాయి. వాటిలోని ఉపనామాలకు 1980లో పట్టిక సమకూర్చినది చెక్ పండితుడు లాదిస్లావ్ విద్మాన్. రోమాలోని గ్రీకు పేర్లను 1982లో మూడు సంపుటాలుగా కూర్చినది ఫిన్లాండ్‌కు చెందిన హెయిక్కి సోలిన్. హెర్మే, పెర్సిసు, త్రుఫైనా వంటి పేర్ల వెనుక దాస్యపు మూలాలు ఉండవచ్చునని లాంపె చెప్పగలిగింది ఇలాంటి పట్టికల వల్లనే. యూరపు రెండు కూటములుగా చీలిన కాలంలో కూడా ఈ పని ఆగలేదు. స్త్రీల పరిచర్యను గురించి వీరెవరూ శాసనాలు లెక్కపెట్టలేదు. అందుకే వారి సాక్ష్యాన్ని ఇరుపక్షాలవారూ నమ్మవచ్చు.

1991లో పైపర్, గ్రూడెం వేరొక లెక్క చూపారు. కాలిఫోర్నియాలోని గ్రీకు సాహిత్య గణకనిధిలో వెదికి, బైబిలు వెలుపల ఈ పేరు మూడే చోట్ల దొరికిందని, కాబట్టి గట్టిగా ఏమీ చెప్పలేమని అన్నారు. ఆ మూడింటిలో పురుషునిగా పేర్కొన్నది ఎపిఫానియ పేరిట ఉన్న శిష్యుల జాబితా ఒక్కటే. అది ప్రిస్కను కూడా పురుషునిగానే లెక్కించింది! యూనియ లాటిన్ పేరు. విడుదల పొందిన దాసులు, సామాన్య గృహిణులు గ్రీకు గ్రంథాలకు ఎక్కరు, సమాధి రాళ్లకు ఎక్కుతారు. చెరువులో వల వేసి సముద్రపు చేపలు లేవన్నట్టుంది ఈ వాదన.

అలాగని 250 అనే సంఖ్యను మంత్రంలా వల్లించడమూ తగదు. ఆ స్త్రీలలో అత్యధికులు అన్యులు. పౌలు మాత్రం యూనీయను తన బంధువు, అనగా యూదురాలు అంటున్నాడు. పోల్చవలసిన సమూహం ఏది? ఆల్ వోల్టర్స్ 2008లో ఈ సందును పట్టుకొని, యెహున్ని అనే హెబ్రీ పురుష నామానికి ఇది గ్రీకు రూపం కావచ్చునని వాదించాడు. వ్యాకరణపరంగా అది సాధ్యమే. అయితే ఆ హెబ్రీ పేరు ఎముకల పెట్టెలపై అతి అరుదుగా కనిపిస్తుంది. రోమాలోని యూదుల సమాధి శాసనాలలోనో లాటిన్ పేర్లు ధారాళంగా ఉన్నాయి. యజమాని వంశనామం ధరించిన విముక్త దాసులు ఆ నగరంలో కొల్లలు. నా అంచనాలో వోల్టర్స్ వాదన ఒక సందేహాన్ని మిగిల్చింది గాని త్రాసును ఒరిగించలేదు. యూనియాస్ అనేది యూనియానుస్ అనే పేరుకు ముద్దుపేరు అన్న పాత ఊహ దీనికంటే బలహీనం. లాటిన్‌లో ముద్దుపేర్లు సాధారణంగా పొడవవుతాయి. ప్రిస్క ప్రిస్కిల్ల అయినట్టు.

ఇక ఆమె అపొస్తలులలో ఒకతెయా, లేక అపొస్తలుల దృష్టిలో పేరుపొందినదా? బ్యూరర్, వాలెస్ 2001లో రెండవ అర్థాన్ని సమర్థించారు. లిండా బెల్విల్ 2005లో దానిని ఖండించారు. నాల్గవ శతాబ్దపు క్రిసోస్తొము గ్రీకు మాతృభాషగా గలవాడు. అతడు ఆమెను స్త్రీగా, అపొస్తలుల లెక్కలోనిదిగా చదివాడు. మన తెలుగు బైబిలు కూడా 'అపొస్తలులలో' అనే అంటుంది. ఈ రెండవ ప్రశ్నకు శాసనాలలోని పేర్ల పట్టికలు ఏ జవాబూ ఇవ్వవు. అది గ్రీకు పదప్రయోగానికి సంబంధించినది. దానిలోని సందేహాన్ని చూపి ఆమె స్త్రీత్వాన్ని తిరిగి అనుమానించడం ఈ చర్చలో తరచుగా కనిపించే దోషం. బ్యూరర్, వాలెస్ సైతం ఆ పని చేయలేదు.