పిడికిలి కంటే ముందు పాదం

2009లో నిజామాబాద్ నుంచి పదమూడేళ్ల అమ్మాయి ఒకతె దాదాపు 800 కిలోమీటర్ల దూరం వచ్చి విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) శిక్షణ కేంద్రంలో చేరింది. పేరు నిఖత్ జరీన్. ఊళ్లో కోచ్ శంషుద్దీన్ దగ్గర బాక్సింగ్ ఓనమాలు దిద్దుకుంది. విశాఖలో ఆమెకు గురువు ఐ. వెంకటేశ్వరరావు. ఏడాది తిరిగేసరికి ఈరోడ్ జాతీయ పోటీల్లో ఉత్తమ బాక్సర్‌గా నిలిచింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. అదే ఏడాది రావుగారికి ద్రోణాచార్య పురస్కారం దక్కింది.

2009 ఇంకో సంగతికీ గుర్తు. ఆ ఆగస్టులోనే ఆడవాళ్ల బాక్సింగ్‌ను 2012 లండన్ ఒలింపిక్స్‌లో చేర్చాలని నిర్ణయించారు. అప్పటికే మేరీ కోమ్ నాలుగుసార్లు ప్రపంచ విజేత. 2008లో చైనాలోని నింగ్బోలో జరిగిన ప్రపంచ పోటీల్లో మన విశాఖ అమ్మాయి నాగిశెట్టి ఉష రజతం తెచ్చింది. అంటే ఒలింపిక్స్ తలుపు తెరుచుకోకముందే ఈ రేవుపట్నంలో ఆడపిల్లలు గ్లవ్స్ తొడుక్కున్నారు. ఆ రోజుల్లో వాళ్లకు నేర్పడానికి ముందుకొచ్చిన కోచ్‌లకు మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదని నా గట్టి అభిప్రాయం.

ఇంతకీ కోచ్ నేర్పేది ఏమిటి? చూసేవాళ్ల కళ్లు పిడికిలి మీదే ఉంటాయి. కోచ్ చూపు మాత్రం పాదాల మీద ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక, వెనక మడమ కాస్త పైకి లేచి ఉండాలి. ముందుకు కదిలేటప్పుడు ముందు పాదం, వెనక్కి తగ్గేటప్పుడు వెనక పాదం మొదట కదలాలి. రెండూ ఒకదాన్నొకటి దాటాయంటే చిన్న దెబ్బకే పడిపోతారు. నిజానికి గుద్దు పుట్టేది నేల నుంచే. వెనక పాదం తిరిగితే నడుము తిరుగుతుంది, నడుముతో భుజం, దాని వెంట చెయ్యి. చేతి బలంతోనే కొట్టేవాళ్లు రెండో రౌండ్‌కే అలసిపోతారు. కొత్తగా చేరిన పిల్లలు బ్యాగును కొట్టాలని ఎంత ఉబలాటపడినా వారాల తరబడి అడుగులే వేయిస్తారు. విసుగు పుట్టే పనే, కానీ అసలు విద్య అక్కడే ఉంది.

చేతికి బ్యాండేజ్ కట్టడమూ ఒక విద్యే. బొటనవేలికి కొస తగిలించి, మణికట్టు చుట్టూ తిప్పి, పిడికిలి ఎముకల మీద మందంగా పరిచి, వేళ్ల సందుల్లోంచి తీసుకురావాలి. బిగిస్తే వేళ్లు మొద్దుబారతాయి, వదులైతే మణికట్టు మడత పడుతుంది. ఆ తర్వాత ప్యాడ్ల సాధన. కోచ్ రెండు చేతులకూ ప్యాడ్లు తొడుక్కుని ఎదురుగా నిలబడతాడు. జాబ్ (ముందు చేతి సూటి గుద్దు) విసిరిన చెయ్యి దవడ దగ్గరికి తిరిగి రాకపోతే ఆ ప్యాడే చెంపను తడుతుంది. నోటితో వందసార్లు చెప్పినా ఎక్కని పాఠం ఆ ఒక్క తాకిడితో ఎక్కుతుంది.

ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్న కోచ్‌కు ఇంకో పరీక్ష ఉంది: నిబంధనలు మారుతూనే ఉంటాయి. ఒకప్పుడు అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను వ్యవధిలో మీట నొక్కితేనే పాయింటు. అందుకని విడివిడిగా, స్పష్టంగా తగిలే దెబ్బలు నేర్పేవారు. 2013లో రౌండ్‌కు పది పాయింట్ల పద్ధతి వచ్చింది. రౌండ్ మొత్తం మీద ఆధిపత్యం ఎవరిదన్నదే లెక్క. వరస దెబ్బలకూ దూకుడుకూ విలువ పెరిగింది. కోచ్ తన పాఠాన్ని తానే తిరగరాసుకోవాల్సి వచ్చింది. అడుగుల పాఠం మాత్రం మారలేదు.

మళ్లీ నిఖత్ దగ్గరికి వస్తే, 2017లో ఆమె భుజం ఎముక కీలు తప్పింది, చాలాకాలం రింగ్‌కు దూరమైంది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. ఆ స్థాయికి చేరేసరికి ఆటగాళ్ల చుట్టూ జాతీయ శిబిరం కోచ్‌లు, ఫిజియోలు ఉంటారు. వాళ్ల శ్రమ తక్కువదేమీ కాదు. కానీ పదమూడేళ్ల వయసులో కాళ్లు ఎలా పెట్టాలో చెప్పినవారి గురించి కూడా పతకం వార్తలో ఒక వాక్యమైనా ఉండాలి. గుర్తింపులో ఆలస్యం ఆటగాళ్లకూ తప్పలేదు: ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది, నింగ్బో రజతం తర్వాత పన్నెండేళ్లకు. ఇలాంటి గుర్తింపు ఇంత ఆలస్యం కావడానికి కారణం నాకు కనిపించదు.