కక్షతో చేసిన అరెస్టు: అక్కడ జడ్జి, ఇక్కడ సర్కారు

అలియాబాద్ చౌరస్తా నుంచి రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ వైపు వస్తుంటే ముందు శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, తర్వాత తిరుమలగిరిలో ఆర్మీ ఆసుపత్రి తగులుతాయి. అధికారులకు చట్టం ఇచ్చే రక్షణ గురించి మొదటిచోట చదువుకుంటారు. ఆ రక్షణను పరీక్షించే సాక్ష్యం 2021 మేలో రెండోచోట బయటపడింది.

అప్పటి నర్సాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు, నాటి ముఖ్యమంత్రి జగన్ బెయిల్ రద్దు కోరుతూ ఏప్రిల్‌లో సీబీఐ కోర్టుకు వెళ్లారు. మే 14న ఏపీ సీఐడీ హైదరాబాద్ వచ్చి రాజద్రోహం కేసులో ఆయనను అరెస్టు చేసింది. కొట్టారని ఆయన, కొట్టలేదని అధికారులు. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఆర్మీ వైద్యులు పరీక్షిస్తే ఎడమ పాదం రెండో వేలు విరిగి ఉంది. మే 21న బెయిల్ వచ్చింది.

అమెరికాలోనూ ఇలాంటి కథ ఉంది. టెక్సాస్‌లోని క్యాజిల్ హిల్స్‌లో 72 ఏళ్ల కౌన్సిల్ సభ్యురాలు సిల్వియా గొంజాలెజ్ కథ 2019 నాటిది. సిటీ మేనేజర్‌ను తొలగించాలన్న అర్జీకి ఆమె మద్దతుంది. సమావేశం ముగిశాక ఆ అర్జీ కాగితాలు ఆమె ఫైలులో దొరికాయి. పొరపాటున కలిశాయని ఆమె చెప్పినా వారెంటు తెచ్చి జైల్లో పెట్టారు. కేసు నిలవలేదు. ఆమె మేయర్ మీదా, పోలీసు చీఫ్ మీదా దావా వేశారు.

అరెస్టుకు తగిన ఆధారం ఉంటే కక్ష వాదన సాధారణంగా చెల్లదన్నది అమెరికా సుప్రీంకోర్టు 2019లో పెట్టిన నియమం. అలాంటి పనికి మామూలుగా ఎవరినీ అరెస్టు చేయరని చూపగలిగితేనే మినహాయింపు. గొంజాలెజ్ దావాలో, అచ్చం అదే పని చేసి అరెస్టు కాని మనిషిని చూపమని కింది కోర్టు పట్టుబట్టింది. అంత బిగించకూడదని 2024 జూన్ 20న సుప్రీంకోర్టు కేసును వెనక్కి పంపింది. పిసినారి న్యాయమే. పైగా హక్కు ముందే స్పష్టంగా స్థిరపడి లేదంటూ అధికారి తప్పించుకోవచ్చు. అయినా అక్కడ తేల్చేది జడ్జి.

మన దగ్గర, విధి నిర్వహణలో చేశానని చెప్పుకునే అధికారిపై కోర్టు విచారణకు చాలా సందర్భాల్లో ప్రభుత్వ అనుమతి కావాలి. అది పాత 197వ సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 218. అరెస్టు వల్ల లాభం ఎవరికో, అనుమతి ఇచ్చేదీ వాళ్లే. అనుమతి దాకా ఎందుకు, రఘురామ ఫిర్యాదుపై గుంటూరులో అధికారుల మీద కేసు నమోదైందే 2024 జూలైలో, ప్రభుత్వం మారిన మరుసటి నెల. ఆరోపణల నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. నన్ను కలవరపెడుతున్నది ఆ తేదీ. అధికారం చేతులు మారితే తప్ప కదలని ఫిర్యాదును న్యాయం అనలేం. ఎంపీకే మూడేళ్లు పడితే, ఎస్సైని ఎదిరించి మాట్లాడిన అలియాబాద్ ఆటోడ్రైవర్ కోసం ఏ ప్రభుత్వం మారాలి?

ఈ పోలికలో అమెరికా వైపే నా మొగ్గు. అనుమతి ఇచ్చే అధికారం మంత్రుల చేతుల్లోంచి హైకోర్టుకు మారాలి. అందాకా, అనుమతి కోసం దరఖాస్తు పెట్టినవారు రశీదు దాచుకోండి. కొత్త చట్టం ప్రకారం 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.