చదివి వినిపించగా...

"రాసింది ఒకసారి చదువు మేడం, ఇంట" అని ఆమె అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. అప్పటికి ఆ జైలు పనిలో చేరి ఏడు నెలలయింది. తక్కువలో తక్కువ అరవై అర్జీలు రాసి ఉంటాను. ఎవరి పేరుమీద రాశానో వాళ్లకు ఒక్కటి కూడా చదివి వినిపించలేదు. నిశాని ఎక్కడ పెట్టాలో మాత్రం వేలు పట్టుకుని చూపించేదాన్ని.

నేను సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. తెలుగు స్త్రీల ఆత్మకథల్లో 'గొంతు' గురించి నా సిద్ధాంత గ్రంథం. లెక్చరర్ ఉద్యోగం కోసం కొన్నేళ్లు తిరిగి, చివరికి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఈ పనికి కుదిరాను. జైలు ఆఫీసుకూ, కోర్టులకూ, న్యాయసేవాధికార సంస్థకూ మధ్య కాగితాలు నడిపించాలి. ఎవరి వాయిదా ఎప్పుడు, ఎవరికి వకీలు లేడు, ఎవరికి బెయిలు ఆర్డరు వచ్చినా ష్యూరిటీలు దొరకలేదు – ఇవన్నీ రిజిస్టరులో రాసుకుని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కోర్టుల చుట్టూ తిరగాలి. సూర్యాపేట బస్టాండులో దిగి విజయవాడ బస్సెక్కితే కోదాడ. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. జైలు పేరు రాయను. ఇక్కడ ప్రస్తావించే స్త్రీలకు మారుపేర్లు కూడా పెట్టను.

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. అంటే జైల్లో ఉన్న స్త్రీకి ఆ హక్కు రెండు వైపుల నుంచీ ఉంది. కానీ హక్కు కదలాలంటే ముందు ఎవరో ఒకరు అర్జీ రాయాలి. ఈ వ్యాసం ఆ అర్జీ గురించే. కథనూ, కవితనూ, ఆత్మకథనూ చదివినట్టుగా మన విమర్శ అర్జీని చదవలేదు. చదువురాని స్త్రీ పేరుతో కాగితం మీదికెక్కే వాక్యాలు ఎక్కడుంటాయి? అర్జీల్లో, వాంగ్మూలాల్లో, దస్తావేజుల్లో. వాటిని మనం సాహిత్యం కాదని పక్కన పెట్టాం.

చేరిన కొత్తలో నేను చేసిన తప్పు ముందు చెప్పాలి. మిర్యాలగూడ వైపు ఒక తండా నుంచి గుడుంబా కేసులో ఒకామె వచ్చింది. ఆమెకు లంబాడీ భాష తప్ప తెలుగు అంతంతమాత్రం. తోటి ఖైదీ ఒకామె మధ్యలో కూర్చుని తెలుగు చేసి చెప్పింది. నేను మురిసిపోతూ, ఒక్క మాటా మార్చకుండా రాశాను. నల్లబెల్లం ఎక్కడ కొన్నదీ, పటిక ఎంత వేసిందీ, వచ్చిన డబ్బుతో పిల్లకు చెవి ఆపరేషన్ ఎట్లా చేయించిందీ అన్నీ ఉన్నాయి. పరిశోధన రోజుల్లో ఇట్లాంటి పాఠ్యం దొరికితే పండగ చేసుకునేదాన్ని. లీగల్ ఎయిడ్ వకీలు దాన్ని చదివి, మడిచి నాకే ఇచ్చేశాడు. "మేడం, కథ బాగుంది. ఇది కోర్టులో పడితే ఆమె నేరం ఒప్పుకున్నట్టే. మీరు బెయిలు అడుగుతున్నారా, శిక్ష అడుగుతున్నారా?" అన్నాడు.

ఆ రోజు బస్సులో వస్తుంటే నాకు చెమటలు పట్టాయి. 'గొంతు'ను కాపాడుతున్నానని అనుకుంటూ, ఆమె మీదికే సాక్ష్యం తయారు చేశాను.

ఈ జిల్లాలో పెరిగి స్త్రీల సాహిత్యం చదువుకున్న ఎవరికైనా 'మనకు తెలియని మన చరిత్ర' ఒక పాఠశాల లాంటిది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ఆ పుస్తకం, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్లు మాట్లాడినట్టుగానే అచ్చులోకి తెచ్చింది. చరిత్ర అంటే నాయకుల తీర్మానాలు కాదనీ, నడిరాత్రి అన్నం మోసుకెళ్లిన మనిషి జ్ఞాపకం కూడా అనీ మనకు నేర్పింది. నేను తండా ఆమె ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు నా మనసులో ఉన్న నమూనా అదే. కానీ ఆ స్త్రీలు మాట్లాడే నాటికి పోరాట విరమణ జరిగి మూడు దశాబ్దాలు దాటింది. వాళ్లు చేసిన పని అప్పటికి చరిత్ర. తండా ఆమె చేసిన పని ఇంకా కేసు. అదే మాట ఒక చోట జ్ఞాపకం, ఇంకో చోట నేరాంగీకారం. గొంతు వినిపించడం విముక్తి అని మనం రాస్తాం. ఏ గదిలో, ఎవరి ఎదుట, ఏ రోజున వినిపిస్తున్నామన్నది మాత్రం రాయం.

తెలుగులో జైలు సాహిత్యం లేదని కాదు. హజారీబాగ్ జైల్లో ఉన్న బి. అనురాధ తనతో ఉన్న స్త్రీల గురించి రాసింది. అంతకుముందు అదే జైల్లో ఉన్న బ్రిటిష్ మహిళ మేరీ టైలర్, దేశంలో అయిదేళ్ల తన నిర్బంధం గురించి 1977లో ఒక పుస్తకం తెచ్చింది. రాజకీయ ఖైదీ రాస్తుంది, మామూలు ఖైదీ ఆ రాతలో పాత్ర అవుతుంది. ఆ పుస్తకాల విలువను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. మామూలు ఖైదీ తనంతట తానుగా కాగితం మీద కనిపించే చోటు ఏదని వెతికితే, తిరిగి అర్జీ దగ్గరికే వస్తాం.

తప్పు తెలిశాక నేను రెండో కొసకు పోయాను. ఆఫీసులో పాత నమూనాలు ఉండేవి. వాటినే చూసి రాయడం మొదలుపెట్టాను. నమూనాలో ప్రతి స్త్రీ అమాయకురాలు, నిరక్షరాస్యురాలు, నిరుపేద, దిక్కులేనిది. ఆమెను అబద్ధంగా కేసులో ఇరికించారు. ఆమె మీదే కుటుంబం ఆధారపడి ఉంది. పేరు, క్రైమ్ నంబరు మారతాయి, మనిషి మారదు. నమూనా అట్లా ఉండడానికి కారణం చట్టంలోనే ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 437వ సెక్షన్, బెయిలు విషయంలో స్త్రీని పదహారేళ్ల లోపువాళ్లతో, రోగులతో, అశక్తులతో కలిపి ఒకే వాక్యంలో పెట్టింది. 2024 జూలైలో కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక ఆ నియమం 480వ సెక్షన్‌లోకి మారింది కానీ వరస మారలేదు. ఆ తలుపు ఉండడం మంచిదే. కానీ లోపలికి పోవాలంటే తల బాగా వంచాలి.

ఎంత వంచాలో 2024లో అందరికీ తెలిసింది. కల్వకుంట్ల కవిత కేసులో ఢిల్లీ హైకోర్టు, ఆమె బాగా చదువుకున్న మనిషి, ప్రజాజీవితంలో పేరున్న మనిషి కాబట్టి స్త్రీలకిచ్చే మినహాయింపు కోరదగిన బలహీన స్థితిలో లేదని జూలైలో బెయిలు నిరాకరించింది. ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని తప్పుపట్టి బెయిలిచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలు నా విషయం కాదు. ఆమెకు పెద్ద వకీళ్లున్నారు, సుప్రీంకోర్టు దాకా పోగలిగింది. నా ఆలోచన కింది కోర్టుల గురించి. చదువు ఉండడం, లెక్కలు రావడం, నలుగురిలో మాట చెల్లడం ఇవన్నీ బెయిలుకు అడ్డమని ఒక హైకోర్టే అనుకోగలిగితే, నమూనా అర్జీ రాసేవాళ్లు స్త్రీని దిక్కులేనిదాన్ని చేయకుండా ఎట్లా ఉంటారు?

కోదాడ పక్క ఊరి ఆమె ఈ దశలోనే వచ్చింది. యాభై దాటిన మనిషి. చిట్టీలు నడిపేది. ఎత్తుకున్నవాళ్లు కొందరు కట్టకుండా ఎగ్గొడితే, మిగిలినవాళ్లు ఆమె మీద మోసం కేసు పెట్టారు. అక్షరాలు రావు కానీ ఇరవై మంది చిట్టీ నెలనెలా ఎవరికి ఎంత తిరిగిందో నోటితో చెప్తుంది. నేను అలవాటు ప్రకారం అర్జీ రాసి, నిశాని పెట్టమన్నాను. అప్పుడే చదివి వినిపించమంది. చదివాను.

"దిక్కులేనిదాన్ని అని రాసినవా? నా బిడ్డ లేదా? జగ్గయ్యపేటల ఇల్లుంది దానికి. అమాయకురాలు అంటివి. అమాయకురాలైతే ఇరవై మంది నా చేతికి పైసలెట్ల ఇస్తరు? రేపు మా ఊరోళ్లు ఈ కాయితం జూస్తే నవ్వరా? నేను మోసం చేయలే. అది రాయి. తెలివిలేనిదాన్ననైతే రాయకు."

నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. నీ కోసమే కదమ్మా ఇదంతా అనబోయాను. కానీ ఆమె చేసిన పని ఏమిటి? ఒక పాఠ్యాన్ని విని, అందులోని స్త్రీ చిత్రణ తప్పని చెప్పింది. అది నమ్మదగ్గట్టుగా లేదని కూడా చెప్పింది. నేను పదేళ్లు చదువుకుని చేసే పని అదే.

చెరిపేయడం అంతా హింస కాదని కూడా ఈ పనిలోనే నేర్చుకున్నాను. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పు, జైళ్లలో తల్లులతో ఉండే పిల్లల గురించి. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. పిల్లలకు శిశుగృహం ఉండాలి, తిండీ వైద్యమూ చదువూ అందాలి. జైల్లో బిడ్డ పుడితే జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం పేరు మాత్రమే రాయాలి. స్త్రీవాద విమర్శకు అలవాటైన కళ్లతో చూస్తే ఇది దాచిపెట్టడమే. కానీ ఆ కాగితం బిడ్డతో పాటు బడికి పోతుంది, జీవితమంతా వెంట వస్తుంది. అక్కడ ఒక మాట తీసేయడం బిడ్డ పక్షాన నిలబడడం. కాబట్టి మాట ఉంచామా, తీసేశామా అన్నదాంతోనే న్యాయం తేలదు. ఎవరి కోసం, ఎవరిని అడిగి అన్నది చూడాలి.

అడగడం ఎట్లా? విచిత్రంగా, దానికి జవాబు పాత చట్టంలోనే దొరికింది. నిందితురాలిని మేజిస్ట్రేటు ప్రశ్నించి రాసుకున్నదాన్ని ఆమెకు చూపించాలి, లేదా చదివి వినిపించాలి. ఆ భాష అర్థం కాకపోతే అర్థమయ్యే భాషలో చెప్పాలి. తన జవాబును వివరించుకోవడానికీ, కొత్తగా చేర్చుకోవడానికీ ఆమెకు స్వేచ్ఛ ఉండాలి. పాత కోడ్‌లో ఇది 281వ సెక్షన్. మన దస్తావేజుల చివర 'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని' అని రాసే వాక్యం వెనక ఉన్నదీ ఈ నీతే. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు, అది కాగితాన్ని ముగించే అలవాటు. నేనూ దాన్ని అరవైసార్లు రాసి, ఒక్కసారీ పాటించలేదు. తండా ఆమె విషయంలో నేను మాటలన్నీ ఉంచాను, కోదాడ ఆమె విషయంలో అన్నీ తీసేశాను. రెండుసార్లూ అడగలేదు. తండా ఆమెకు చదివి వినిపించి, "ఇది కోర్టుకు పోతే ఇట్లా అవుతుంది" అని చెప్పి ఉంటే, ఏది ఉంచాలో ఆమే తేల్చేది.

కోదాడ ఆమె అర్జీ మళ్లీ రాశాం. 'దిక్కులేని', 'అమాయకురాలు' పోయాయి. మోసం చేసే ఉద్దేశం లేదనీ, విచారణకు పిలిచినప్పుడల్లా వస్తుందనీ, జగ్గయ్యపేటలో కూతురింట్లో ఉంటుందనీ రాశాం. వకీలు కాస్త గొణిగాడు కానీ వేశాడు. బెయిలు వచ్చింది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఊళ్లో అందరితో చెడింది కాబట్టి కూతురు వైపు వాళ్లే ష్యూరిటీకి వచ్చారు. కోదాడకూ జగ్గయ్యపేటకూ మధ్య దూరం ఎంతో లేదు. కానీ 2014 నుంచి అది వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రం ష్యూరిటీ చెల్లదన్నారు. స్థానిక ష్యూరిటీయే కావాలని పట్టుబట్టకూడదని జస్టిస్ కృష్ణయ్యర్ మోతీరాం కేసులో 1978లోనే చెప్పాడు. దక్షిణాది మనిషి ఢిల్లీ చాందినీ చౌక్‌లో అరెస్టయితే ఏం చేయాలని ఆయన అడిగిన ప్రశ్న, కోదాడ సరిహద్దులో నాకు కొత్తగా అర్థమైంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ అదే మాట సూచించాల్సి వచ్చింది. ఆ ఆర్డరు కాపీ పట్టుకుని తిరిగితే, ఆమె బయటికి రావడానికి ఇంకో పంతొమ్మిది రోజులు పట్టింది. జగ్గయ్యపేట మాట రాయకుండా పాత నమూనానే వేసి ఉంటే ముందే వచ్చేదా? ఆ లెక్క నన్ను ఇప్పటికీ వదలలేదు.

గేటు దగ్గర ఆమెకు అదే చెప్పి, తప్పు నాదేనన్నాను. "నువ్వు చదివినవ్, నేనిని ఒప్పుకున్న. తప్పైతే ఇద్దరిదీ" అని సంచి సర్దుకుంది. కాసేపాగి, "పంతొమ్మిది రోజులైతే ఊకెనే పోయినయి గద" అని విసుక్కుంది కూడా. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటే రాసి ఈ వ్యాసాన్ని ముగించాలని మొదట అనుకున్నాను. మొదటి మాటతో ఆపితే ఆమె మహానుభావురాలు అవుతుంది. రెండోదానితో ఆపితే బాధితురాలు అవుతుంది. రెండూ నాకు అలవాటైన నమూనాలే.

ఈ వ్యాసం పత్రికకు పంపేముందు ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాను. గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఎవరో పిలిస్తే పోయి వచ్చింది. కూతురి గురించి ఒక వాక్యం తీసేయమంది. తీసేశాను. చిట్టీ సంగతి ఇంకొంచెం గట్టిగా రాయమంది. అది నేను రాయలేనన్నాను, కేసు ఇంకా నడుస్తోంది కదా అన్నాను. "అయితే అయిపోయినంక రాద్దాం" అంది.