పరాయి గడ్డపై వెలసిన షెర్వుడ్ వనము

రాబిన్ హుడ్ కథ ఇంగ్లండు ప్రజల సొత్తు. కాని ఆ కథకు లోకమంతటా నిలిచిపోయిన రూపము నిచ్చినది ఇంగ్లండు కాదు, అమెరికాలోని కాలిఫోర్నియా. వార్నర్ బ్రదర్స్ సంస్థ 1938లో విడుదల చేసిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ చిత్రమును గూర్చి మేమిక్కడ ముచ్చటింపదలచినాము. కత్తియుద్ధముల చిత్రములు పిల్లల వినోదమని తీసివేయుట పెద్దలకు అలవాటు. ఈ చిత్రము పట్ల ఆ తీర్పు చెల్లదని మా అభిప్రాయము.

దీనిని నిర్మించినవారెవరో మొదట చూడవలెను. నాయకుడు ఎరల్ ఫ్లిన్ ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో పుట్టినాడు. నాయిక ఒలీవియా డి హావిలండ్, ప్రతినాయకుడు బాసిల్ రాత్‌బోన్ ఆంగ్ల దంపతుల బిడ్డలే అయినను, ఆమె పుట్టినది టోక్యోలో, ఆయన పుట్టినది జొహానెస్‌బర్గులో. దర్శకులిద్దరిలో మైకేల్ కర్టిజ్ బుడాపెస్టు నుండి వచ్చినవాడు. కళాదర్శకుడు కార్ల్ వేల్ జర్మనీవాడు. సంగీతకర్త ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ వియన్నాలో పెరిగినవాడు. షెర్వుడ్ అడవి యని మనము మురిసిపోవునది చీకో పట్టణమందలి బిడ్వెల్ పార్కు! పుట్టిన ఊరికి దూరమైనవారు, ఆ ఊరు కాని ఊరిలో, మూడవవారి దేశమును ఇంత ప్రేమతో కల్పించిరి. తరతరములుగా పరభాషల నడుమ కాపురముండి ఇంట తెలుగు నిలుపుకొనుచున్న మనవంటివారికి ఇది అంత వింతగా తోచదు.

నాయక పాత్ర తొలుత జేమ్స్ కాగ్నీకి ఉద్దేశింపబడినది. 1935లో ఆయన సంస్థతో తగవుపడి వెళ్లిపోవుటచే పని వెనుకబడినది. ఆ సంవత్సరమే ‘కాప్టెన్ బ్లడ్’తో ఫ్లిన్ వెలుగులోనికి వచ్చినాడు. 1937 సెప్టెంబరులో విలియం కీలీ చిత్రీకరణ ప్రారంభించగా, పని జాప్యమగుచున్నదని సంస్థవారు తరువాత దానిని కర్టిజ్‌కు అప్పగించినారు. వ్యయము సుమారు 20 లక్షల డాలర్లు. బాణముల విషయములో మాత్రము బూటకము తక్కువ. ప్రసిద్ధ విలుకాడు హోవర్డ్ హిల్, దుస్తుల క్రింద రక్షణ ధరించి నిలిచిన మనుష్యులపై నిజమైన బాణములనే వేసినాడు.

రంగులను గూర్చి ఎంత చెప్పినను తక్కువయే. అయితే మాకు అంతకంటె నచ్చినది చివరి కత్తియుద్ధము. రాబిన్, గై పోరాడుచు పోరాడుచు తెరనుండి తొలగిపోగా, కొంతసేపు స్తంభముపై వారి నీడలు మాత్రమే కలియబడును. మన జానపద చిత్రములలో కత్తుల చప్పుడు చాలునని తృప్తిపడినవారు ఈ ఘట్టమును మరల మరల చూడదగును. అడవి విందు నడుమ రాబిన్ నాయికను ప్రక్కకు తీసికొనిపోయి, చిత్రహింసల పాలైన దీనులను చూపును. అంతవరకు నవ్వుచున్న చిత్రము అక్కడ నవ్వు మానివేయును.

లోపములు లేకపోలేదు. ప్రాచీన గేయకథలలో రాబిన్ ప్రభువు కాడు, సామాన్యుడు. ఈ చిత్రము ఆయనకు దొరతనము కట్టబెట్టినది. శాక్సనుల, నార్మనుల వైరము వాల్టర్ స్కాట్ ‘ఐవాన్‌హో’ నవల చలువ. రాజు రిచర్డు తిరిగివచ్చుటతో కష్టములన్నియు తీరిపోవును. పన్నులు కట్టి నలిగిన రైతు చివర జయజయధ్వానములలో ఒక గొంతుగా మిగులును, అంతే. దొర మంచివాడైనచో చాలునను ఈ భ్రమ మన జానపద చిత్రములకును క్రొత్త కాదు. కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోవారు 1954లో రామారావు, భానుమతులతో తీసిన ‘అగ్గిరాముడు’ నాయకుడు సైతము ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టు దొంగయే. అది ‘మలైక్కళ్ళన్’ అను తమిళ చిత్రమునకు తెలుగు రూపము. రాబిన్ గోత్రమువా డెంత దూరము వచ్చినాడో చూడుడు!

ఇక సంగీతము. బాల్యముననే స్వరకర్తగా పేరొందిన కోర్న్‌గోల్డ్ ఈ చిత్రము కొరకే 1938 ఆరంభమున వియన్నా నుండి హాలీవుడ్ చేరినాడు. చిత్రము చూచి, తన మనస్సు ఇట్టి వీరచేష్టలకు తగినది కాదని నిరాకరించినాడు. ఆ దినములలోనే ఆస్ట్రియా పరిస్థితి విషమించినది. ఆయన యూదుడు. ఇష్టము లేకయే పనికి ఒప్పుకొనినాడు. మార్చిలో హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించినవి, వియన్నాలోని ఆయన యిల్లు నాజీల పాలైనది. ఈ చిత్రమే తన ప్రాణము కాపాడినదని ఆయన తరువాత చెప్పుకొనినాడు. వియన్నా రోజులలో తాను రచించిన ‘సుర్సుమ్ కోర్డా’ అను వాద్యకృతిలోని స్వరములనే రాబిన్ సాహసములకు వాడుకొనినాడు. ఉల్లాసముగా వినవచ్చు ఆ తూర్యధ్వనిలో కోల్పోయిన నగరమొకటి దాగియున్నదని తెలిసిన పిమ్మట దానిని ఉత్త హుషారుగా వినుట మాకు సాధ్యము కాలేదు.

ఆ సంగీతమునకు, కూర్పునకు, కళాదర్శకత్వమునకు ఆస్కారు బహుమానములు లభించినవి. యుద్ధానంతరము కోర్న్‌గోల్డ్ వియన్నాకు మరలి వెళ్లినను అక్కడ ఆయన రచనలకు పూర్వపు ఆదరణ దొరకలేదు. 1957లో హాలీవుడ్‌లోనే కన్నుమూసినాడు. 1972లో ఆయన చిత్రసంగీతము గ్రామఫోను రికార్డులుగా మరల వెలువడినది. 1977లో ‘స్టార్ వార్స్’ చిత్రమునకు జాన్ విలియమ్స్ పూర్ణ వాద్యబృందముతో స్వరములు కూర్చినపుడు, వినినవారు కోర్న్‌గోల్డ్ పేరు తలచుకొనిరి.