తుపాకీ మందుకు ఎండ గండం

ఆదోని పత్తి యార్డులో వ్యాపారి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి దూదిని గుప్పిట పట్టి పిసికి చూస్తాడు. పైకి ఎండినట్టున్న పత్తి లోపల చెమ్మగా ఉండొచ్చు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొనాలన్నా తేమ 12 శాతం దాటకూడదు. ఎమ్మిగనూరు వైపు నుంచి సరుకు తెచ్చే రైతుకు ఈ లెక్క కంఠతా వచ్చు. తడి గింజను కుప్పపోస్తే తనంతట తానే వేడెక్కుతుందని మిల్లువాళ్లకూ తెలుసు.

జిన్నింగ్ తర్వాత గింజను పట్టుకుని ఉండే పొట్టి నూగే లింటర్స్. నైట్రోసెల్యులోజ్‌కు ముడిసరుకు అదే. ఆ నైట్రోసెల్యులోజ్‌తో 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వీయే పొగరాని తుపాకీ మందు చేశాడు. నీలగిరి కొండల్లోని అరువంకాడులో 1903లో వెలసిన కార్డైట్ ఫ్యాక్టరీదీ ఈ కోవ మందే.

సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతకాలపు మందు పొడిగా ఉంచితే తరాలు నిలుస్తుంది. పొగరాని మందు అలా కాదు. తయారైన రోజు నుంచే లోలోపల విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్‌లను వదులుతుంది. వాటికి తేమ తోడైతే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా మందును మరింత తొందరగా పాడుచేస్తుంది. పుట్టిన వేడి బయటికి పోలేకపోతే చివరికి మంటే.

ఫ్రాన్స్ దీనికి భారీ మూల్యం చెల్లించింది. టూలాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబర్తే యుద్ధనౌకలు పేలి వందల మంది చనిపోయారు. అనుమానం చెడిన మందు మీదికే పోయింది. పుట్టిన ఆక్సైడ్‌లను ఎప్పటికప్పుడు పట్టేసే డైఫినైలమీన్ వంటి స్థిరీకరణ రసాయనాలను నేడు మందులో కలుపుతున్నారు. ఆ రసాయనం అయిపోయిన రోజున మందు ఆయుష్షూ తీరినట్టే.

వేడి ఆ స్థిరీకరణ రసాయనాన్ని తొందరగా హరిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం రెండింతలో, అంతకు మించో అవుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కర్నూలు పడమటి ప్రాంతంలో రేకుల షెడ్డు, మిద్దెపై గది, కారు డిక్కీ ఈ మందుకు తగిన చోట్లు కావు. చల్లగా, పొడిగా ఉంటే దశాబ్దాలు నిలిచే సరుకు అక్కడ కొన్నేళ్లకే చెడవచ్చు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. అది ఉన్నవారు మందును కంపెనీ డబ్బాలోనే ఉంచాలి. ఒత్తిడి పెరిగితే విడిపోయేలా ఆ డబ్బాను చేస్తారు. బిగుతైన ఇనప పెట్టెలో పెడితే మామూలు మంట కూడా పేలుడవుతుంది. మంచి మందుకు ఈథర్ లాంటి వాసన ఉంటుంది. ముక్కు మండించే పులిసిన ఘాటు, ఎర్రటి దుమ్ము, మూత లోపల తుప్పు కనిపిస్తే దాన్ని వాడకూడదు, దాచకూడదు.

ఇంటి పెద్ద పోయాక అటక మీద మిగిలిన పాత డబ్బా సంగతి ఇంకా ప్రమాదకరం. అందులో ఏముందో, ఎప్పటిదో పిల్లలకు తెలియదు. కొన్న తేదీ, మూత తీసిన తేదీ డబ్బా మీద రాయాలి. ఏటా ఎండలు ముదరకముందే ఒకసారి చూసుకోవాలి. ఆ డబ్బా ఎక్కడుందో ఇంట్లో మరొక పెద్దకు చెప్పి ఉంచాలి.