నేరచిత్రంలో నీడ: వస్తువా, శిల్పమా?

నేరచిత్రాన్ని గురించి మన అభ్యుదయవాదుల్లో వొక తేలిక అభిప్రాయం వుంది: హత్య, తుపాకి, చీకటిగది - యివన్నీ క్షీణ సంస్కృతి లక్షణాలు, వీటితో మనకు పనిలేదని. మరోవైపు లఘుచిత్రాలు తీసే విద్యార్థులు కొందరు, గోడమీద కిటికీ చువ్వల నీడ పడితే చాలు, 'ఫిల్మ్ న్వార్' తయారయిందనుకుంటున్నారు. యీ వుభయులూ ఆ నీడ దేనిదో అడగడంలేదని నా వాదం.

వొకే కథనుంచి పుట్టిన రెండు చిత్రాలను పోల్చి చూద్దాం. హెమింగ్వే కథ 'ది కిల్లర్స్' 1927లో వెలువడింది. యిద్దరు కిరాయి హంతకులు చిన్న వూరి హోటలుకు వచ్చి, ఓలే ఆండ్రెసన్ అనే మాజీ బాక్సరు కోసం కాచుకుంటారు. అతడు రాడు. నిక్ అనే కుర్రవాడు వెళ్ళి హెచ్చరిస్తే, గోడవైపు తిరిగి పడుకుంటాడు. యెందుకు చంపుతున్నారో కథ తేల్చి చెప్పదు.

1946లో హాలీవుడ్‌లో రాబర్ట్ సియోడ్‌మాక్ దీన్ని చిత్రంగా తీశాడు. నాజీల జర్మనీ విడిచివచ్చిన మనిషి. భయమంటే యేమిటో యెరిగినవాడు. తొలి పదిపన్నెండు నిమిషాలూ గొప్పగా వుంటాయి. హెమింగ్వే కథ అక్కడితో సరి. మిగతా గంటన్నరా వొక యిన్సూరెన్సు పరిశోధకుడు కారణం వెతుకుతాడు: టోపీల ఫ్యాక్టరీ జీతాల దోపిడీ, వొక స్త్రీ చేసిన ద్రోహం. చివర, నీ శ్రమవల్ల కంపెనీ రేటు సెంటులో పదోవంతు తగ్గవచ్చునని పైఅధికారి అంటాడు. చురుకైన వ్యంగ్యమే. అయినా నేరమంతా వొక స్త్రీకీ, వొక ముఠాకూ చుట్టి, ప్రేక్షకుణ్ణి నిశ్చింతగా యింటికి పంపుతుంది ఆ చిత్రం.

1956లో మాస్కో చలనచిత్ర విద్యాలయంలో మిఖాయిల్ రొమ్ శిష్యులు తార్కోవ్‌స్కీ, గోర్డాన్, మరీకా బేకు అదే కథను సుమారు 20 నిమిషాల్లో తీశారు. వొక కౌంటరు, వొక తలుపు, వొక మంచం - వాటితోనే పని జరిగిపోయింది. తార్కోవ్‌స్కీ స్వయంగా గిరాకీగా వచ్చి అమెరికన్ జాజ్ పాట యీలవేస్తాడు. వంటగదిలో మనుషుల్ని కట్టేసి వుంచారని ఆ గిరాకీకి తెలియదు. ఆండ్రెసన్‌గా షుక్షిన్ నటించాడు.

యీ విద్యార్థులు కారణం కల్పించలేదు. అంచేత మన దృష్టి హంతకుల మీదనుంచి మిగిలినవాళ్ళ మీదికి మళ్ళుతుంది. వంటవాడు యీ సంగతి వినననంటాడు. జార్జి, ఆలోచించకపోవడమే మేలంటాడు. నిక్ వూరు విడిచిపోతానంటాడు. భయం అలవాటైపోయిన సమాజమిది. తెరమీది నీడ దానిదే.

లోపం లేదా? వుంది. యీ భయంవల్ల లాభం యెవరికో చిత్రం చూపదు. వొంటరిగా పారిపోవడం తప్ప మరో దారి సూచించదు. అయినా, దొంగ సమాధానంతో ప్రేక్షకుణ్ణి జోకొట్టలేదు. అది చిన్న విషయం కాదు.

నేరచిత్రం తీయబోయే విద్యార్థి దీపం యెక్కడ పెట్టాలో తర్వాత ఆలోచించవచ్చు. యీ గదిలో యెవరు యెవరికి భయపడుతున్నారు? ఆ భయంమీద బతుకుతున్నది యెవరు? ముందు వీటికి జవాబు వెతకాలి.